బర్రెల కడుపులో తీగలు, నా మెడలో పతకం

పశువుల డాక్టరు ఉద్యోగంలో మొదట అరిగిపోయేది భుజం. నాది ఎడమ భుజం. ఏళ్ల తరబడి ఆ చేతిని ఆవుల్లోనూ బర్రెల్లోనూ పెట్టీ పెట్టీ, ఇప్పుడు చొక్కా తొడుక్కోవాలంటే మా ఆవిడ ఒక పక్క పట్టుకోవాలి. చలికాలం వస్తే ఆ పక్కకు తిరిగి పడుకోలేను.

నా బదిలీలు, ప్రమోషన్లు మీకు అక్కర్లేదు. అవి సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. చెప్పదగ్గది గోదావరిఖనిలో గడిపిన కాలం. అక్కడ చేసిన ఆపరేషన్లకు విశ్వవిద్యాలయం నాకు ఒక పతకం ఇచ్చింది. పశువుల చికిత్సలో మంచి పని చేసిన డాక్టర్లకు ఇచ్చే పతకం అది. మెడలో పతకంతో నేను నిలబడ్డ ఫోటో మా ముందు గదిలో ఉంది. దాన్ని చూసి అడిగిన ప్రతి కొత్త డాక్టరుకూ సగమే చెబుతూ వచ్చాను. మిగతా సగం చెప్పే ఓపిక ఇన్నాళ్లూ లేకపోయింది. ఇప్పుడు దాచే ఓపిక లేదు.

మార్తమ్మ చెప్పిన మాట

నేను అక్కడికి వెళ్లింది అరవైల నడుమ. గనులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్నాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం బొగ్గు పనికి వచ్చారు గాని, బర్రెలను ఊళ్లో వదిలి రాలేదు. గుడిసె పక్కనే కొట్టం వేసుకున్నారు. మగవాళ్లు షిఫ్టుకు పోతే ఆడవాళ్లు పాలు పోసేవాళ్లు. ఎటు చూసినా కొత్త క్వార్టర్లు లేస్తున్నాయి. ఇసుక కుప్పలు, కంకర కుప్పలు, వాటి నడుమ మొలిచిన గడ్డిలో మేస్తున్న పశువులు.

మా పశువుల దవాఖాన రెండు గదుల పెంకుటిల్లు. నేను, కాంపౌండరు ఖాజా మియా, అంతే. ఖాజా మియా నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నన్ను "సాబ్" అనేవాడు గాని, మొదటి ఏడాదంతా నా పని చూసి మనసులో నవ్వుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉండేది.

మార్తమ్మ బర్రెను తోలుకుని వచ్చింది ఆ మొదటి ఏడాదే. ఆమె భర్త దావీదు గనిలో బొగ్గు నింపే పనిలో ఉండేవాడు. వాళ్లది ఒకే ఒక్క బర్రె, నల్లగా నిగనిగలాడుతూ ఉండేది.

"మూడొద్దులాయె సారూ, గడ్డి ముడుతలేదు. పాలు సగానికి సగం పడిపోయినయి," అంది.

పొట్ట తట్టి చూశాను. నెమరు లేదు. కడుపు బిగిసింది అనుకున్నాను. అలాంటివి రోజుకు రెండు చూసేవాణ్ణి.

"ఏం ఫికర్ లేదు. అజీర్తి. మందు తాపించి, రోజూ జెర దూరం నడిపియ్యి," అన్నాను.

"నడువనీకే కష్టమైతాంది సారూ. మా గుడిసె మిట్ట మీదుంటది. ఎక్కేటప్పుడు ఏం లేదు, దిగేటప్పుడే మూల్గుతాంది. మనిషి మూల్గినట్టే మూల్గుతాంది."

నేను అప్పటికే చీటీ రాస్తున్నాను. తల ఎత్తకుండానే, "అన్ని మూల్గుతయి, మందు వొయ్యి," అన్నాను.

ఆమె చెప్పింది పాఠ్యపుస్తకంలో ఉన్న లక్షణమే. కడుపులో ఇనుప ముక్క గుచ్చుకున్న పశువు మిట్ట దిగేటప్పుడు మూల్గుతుంది, ఎందుకంటే లోపలి బరువంతా ముందుకు జారి ఆ ముక్కను ఇంకా లోతుకు నెడుతుంది. పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పుస్తకంలో ఇంగ్లీషులో ఉన్న మాటను మార్తమ్మ తెలుగులో చెప్పేసరికి గుర్తుపట్టలేకపోయాను. పైగా నడిపించమన్నాను. ఆ అమ్మ పాపం నేను చెప్పినట్టే రోజూ మిట్ట ఎక్కించి దించింది.

ఎనిమిదో రోజున బర్రె చచ్చిపోయింది.

ఎల్లయ్య డబ్బా

మరునాడు పొద్దున ఒక మనిషి దవాఖాన ముందుకు వచ్చి, మెట్ల కిందే నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. ఎండి గట్టిపడ్డ శరీరం, మోకాళ్ల పైకి కట్టిన పంచె. చచ్చిన పశువులను ఎత్తుకుపోయి తోలు తీసే ఎల్లయ్య అని ఖాజా మియా చెప్పాడు.

"సారూ, మార్తమ్మ బర్రె గుండెల గిది దొరికింది," అని అరచెయ్యి చాపాడు.

చిటికెన వేలంత పొడవున్న ఇనుప తీగముక్క. ఒక కొస తుప్పు పట్టి నల్లగా ఉంది, ఇంకో కొస సూదిలా మెరుస్తోంది.

నాకు ముందు కోపం వచ్చింది. నా తప్పును అరచేతిలో పెట్టుకుని తెచ్చాడన్న కోపం. "నువ్వేమన్న డాక్టరువా? గుండెల ఉందని నీకెట్ల తెలుసు?" అన్నాను.

ఆయన కసురుకోలేదు, వంగిపోలేదు. "కోసినోణ్ణి నేనే గద సారూ. వచ్చి జూడరాదు, ఇంక పారెయ్యలే," అన్నాడు.

ఖాజా మియా పక్కకు వచ్చి మెల్లగా, "సాబ్, ఆయన మాట జర వినుండ్రి. మీకన్న ముంగట ఉన్న డాక్టర్ సాబుకు గుడ చెప్పిండు. ఆయన వినలే," అన్నాడు.

వెళ్లాను. ఊరి చివర, బొగ్గు లారీలు తిరిగే బాటకు అవతల ఎల్లయ్య వాళ్ల వాడ. గుండె చుట్టూ ఉండే పొర చేటంత ఉబ్బి, చీముతో నిండి ఉంది. కడుపు నుంచి అక్కడిదాకా తీగ నడిచిన దారి పుండై కనిపిస్తోంది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాను. ఎల్లయ్య ఇంట్లోకి పోయి పాత బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి మూత తీశాడు. నిండా తీగముక్కలు, మేకులు.

"తోలు తీసేటప్పుడు చేతులకు గుచ్చుకుంటయని ఏరి పెడ్త. గీ మూడేండ్ల సంది ఎక్కువైనయి. క్వార్టర్లు కట్టుడు మొదలైనంక," అన్నాడు. "నువ్వు బతికున్నయాటిని జూస్తవు సారూ. నేను సచ్చినయాటిని జూస్త. నాకు లోపట కనవడ్తది, నీకు కనవడది. గంతే."

స్లాబు వేసేటప్పుడు ఇనుప చువ్వలను కలిపి కట్టే సన్నని తీగ అది. కట్టగా మిగిలిన కొసలు కత్తిరించి పారేస్తే గడ్డిలో కలిసిపోయేవి. బర్రె నమిలి తినదు, గబగబా మింగి తర్వాత నెమరు వేస్తుంది. అలా తీగలన్నీ లోపలికి. తర్వాతి వారమే ఒక కాంట్రాక్టరు మేస్త్రీ దగ్గరికి వెళ్లి తీగలు ఏరించమని అడిగాను. "తప్పకుండా సార్," అన్నాడు. అలా ఎందరో మేస్త్రీలు "తప్పకుండా" అన్నారు. చివరికి మార్తమ్మలాంటి ఆడవాళ్లే గడ్డి దులిపి ఏరుకోవడం మొదలుపెట్టారు.

నేను నేర్చుకున్న చోటు

పొట్ట కోసి తీగ తీసే ఆపరేషన్ను చదువుకునే రోజుల్లో ఒక్కసారి చూశాను, అదీ ముప్పై మంది విద్యార్థుల వెనక నిలబడి. బర్రెను నిలబెట్టి, ఎడమ డొక్కకు మొద్దుబారే మందు ఇచ్చి కోయాలి. పెద్ద పొట్టలో నుంచి చెయ్యిని ముందుకు పోనిచ్చి, గుండెకు ఆనుకుని ఉండే చిన్న సంచిని వెతకాలి. ఆ సంచి లోపలంతా తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉంటుంది. తీగ ఆ గళ్లలోనే ఇరుక్కుంటుంది. అక్కడ కంటితో చూసేదేమీ లేదు. వేళ్లే కళ్లు.

నేను ఆ వేళ్లను ఎల్లయ్య దగ్గర సంపాదించుకున్నాను. ఏ పశువు పోయినా కబురు పంపేవాడు. ఆయన తోలు తీయకముందు నేను డొక్క కోసి చెయ్యి పెట్టేవాణ్ణి. ఆయన రెండో పక్క నుంచి పక్కటెముకల కింద కోసి, నా వేళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి చెప్పేవాడు. "ఇంకా ముందుకు. కిందికి వంచు. ఆ, గది. ఇప్పుడు గోడ తడుము, గట్టిగ తగిలితే ఆడ అంటుకున్నట్టు." పదిహేను పశువులదాకా అలా చేశాం. ఆయన నన్ను ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. కాలేజీలో నాకు అంత ఓపిగ్గా ఎవరూ నేర్పలేదు.

బదులుగా నేను ఆయనకు నేర్పింది ఒకటే. "పశువు ఉన్నట్టుండి చచ్చి, ముక్కుల నుంచి వెనక నుంచి నల్లటి నెత్తురు కారితే కత్తి పెట్టకు. అది దొమ్మరోగం. మనిషికి అంటుకుంటది. నన్ను అడగకుండ ముట్టకు," అన్నాను. ఆయన మాట తప్పలేదు. అనుమానం వస్తే దవాఖానకు వచ్చి అడిగేవాడు.

నేను ఆ వాడకు పోతున్నానని తెలిసి మా ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఇల్లు పోయినందుకు కాదు, ఎక్కడికి పోతున్నానో ఆమెకు చెప్పనందుకు. వేరే ఇల్లు దొరికింది. ఇక్కడ నా గొప్ప ఏమీ లేదు. ఆ ఇంటికి వచ్చాక కూడా ఎల్లయ్య వస్తే బయటే నిలబెట్టి మాట్లాడాను. ఆయన లోపలికి రానూ లేదు, నేను రమ్మననూ లేదు.

రెండో బర్రె

ఏడాది తిరిగాక మార్తమ్మ మళ్లీ వచ్చింది. వాళ్ల అన్న పెంచుకొమ్మని ఇచ్చిన పడ్డ దూడ ఈని, బర్రె అయింది. అది కూడా మేత మానేసింది. ఆమె దవాఖాన ముందు బర్రె తాడు పట్టుకుని నిలబడి, నా మొహంలోకి చూసి మాట్లాడింది.

"మొదటిదాన్ని నీ చేతులల్ల పెట్టి పోగొట్టుకున్న సారూ. మల్ల నీ దగ్గరికే వచ్చిన. వేరే దవాఖాన లేకనే వచ్చిన."

"దిగేటప్పుడు మూల్గుతుందా?" అని అడిగాను.

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "ఇయ్యాల అడుగుతున్నవా," అంది.

రొమ్ము కింద ఒక దుడ్డుకర్ర పెట్టి, అటు నేను, ఇటు ఖాజా మియా మెల్లగా పైకి ఎత్తాం. బర్రె గట్టిగా మూలిగింది. మెడ నరం ఇంకా ఉబ్బలేదు, రొమ్ముకు వాపు రాలేదు. అంటే తీగ గుండెదాకా పోలేదు. సమయం ఉంది.

ఎల్లయ్యకు కబురు పంపాను. మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగినవాళ్లు బొగ్గు మొహాలతోనే వచ్చి చుట్టూ మూగారు. ఎల్లయ్య బర్రె పక్కకు రాగానే గుంపులో ఒకాయన, "సచ్చినయి తీసేటోణ్ణి బతికినదాని మీదికి తెస్తరా?" అన్నాడు. నేను ఏదో అనబోయే లోపే మార్తమ్మ తిరిగింది. "బర్రె నీదా నాదా? నాదైతే నువ్వు జెర అవుతలికి జరుగు కాకా," అంది. ఆయన వెనక్కి జరిగాడు.

కోశాను. పొట్ట అంచులను ఎల్లయ్య రెండు చేతులతో పట్టుకున్నాడు. ఖాజా మియా ఈగలను తోలుతూ, మరగబెట్టిన నీళ్లు అందిస్తున్నాడు. సగం జీర్ణమైన మేత తోడి తోడి బుట్టలకు ఎత్తాం. భుజందాకా చెయ్యి పోనిచ్చాను. తేనెపట్టు సంచి దొరికింది. తీగ దొరకలేదు. వెతికాను. చెయ్యి తిమ్మిరెక్కింది. చెమట కళ్లలోకి కారుతోంది. చనిపోయిన పశువులో సంచి కదలదు, ఇక్కడ కదులుతోంది. బర్రె ఊపిరికి అంతా ముందుకూ వెనక్కూ ఊగుతోంది.

"లేదు," అన్నాను.

"ఉంటది సారూ," అన్నాడు ఎల్లయ్య నా చెవి దగ్గర. "గుండె కొట్టుకునుడు తగుల్తాందా? దానికి ఎదురుంగ తడుము. ఎంబడే గుంజకు, ముందుగాల వేలు ఆనియ్యి."

గుండె నా వేళ్లకు అవతల, ఒక పలచని గోడ వెనక కొట్టుకుంటోంది. దానికి ఎదురుగా, ఒక గడిలో, వేలి కొసకు చురుక్కుమంది. వేలు ఆనించి, పట్టు దొరికాక మెల్లగా లాగాను. తీగ వచ్చింది, దాని వెంట కొద్దిగా చీము వాసన వచ్చింది.

ఎవరో ఈల వేశారు. మార్తమ్మ నా చేతిలోని తీగను తీసుకుని చూసి, కొంగుకు ముడివేసుకుంది. ఐదో రోజున బర్రె గడ్డి ముట్టింది.

కొట్టేసిన వాక్యం

ఆ తర్వాత ఏళ్లలో అలాంటి ఆపరేషన్లు చాలా చేశాం. మంచిర్యాల నుంచి కూడా బర్రెలను గోదావరి దాటించి తెచ్చేవాళ్లు. అన్నీ బతకలేదు. ఆలస్యంగా వచ్చినవి పోయాయి. నా చేతి పొరపాటుతో లోపల మేత చింది కుళ్లినవీ ఉన్నాయి. కొత్త డాక్టర్లు ఒక మాట గుర్తుంచుకోండి. బతికిన పశువు మీకు నేర్పేది తక్కువ. అది ఇంటికి పోతుంది, మీరు మరిచిపోతారు.

మా పై అధికారి నరహరిరావు గారు. ఆయన గురించి న్యాయంగా చెప్పాలి. కోయడానికి సరైన పనిముట్లు లేవని నేను రాసిన అర్జీలు ఎక్కడెక్కడో పడి ఉంటే, ఆయన స్వయంగా రాజధానికి పోయి పెట్టె మోసుకొచ్చారు. నేను పంపిన కేసుల వివరాలు చదివి, "ఇది పత్రంగా రాయవయ్యా, విశ్వవిద్యాలయానికి పంపుదాం," అన్నదీ ఆయనే. వేరే అధికారి అయితే పట్టించుకునేవాడే కాదు.

రాశాను. ఏ లక్షణం ఉంటే తీగ ఎక్కడ ఉంటుంది, ఎంత ముదిరాక కోసినా లాభం లేదు, అన్నీ రాశాను. ఆ జ్ఞానంలో సగానికి పైగా చనిపోయిన పశువుల్లో చూసి తెలుసుకున్నది. చివర ఒక వాక్యం రాశాను. శవపరీక్షల్లో సహాయపడి, తీగముక్కలు మొదట గుర్తించి చూపినది ఎల్లయ్య అని.

నరహరిరావు గారు ఎర్ర సిరాతో ఆ వాక్యం కొట్టేశారు. "ఇది శాస్త్రీయ పత్రం. పేరుపేరునా దండాలు పెట్టడానికి పెళ్లి పత్రిక కాదు. తోలు తీసేవాడు చెబితే తెలిసిందంటే నీ డిగ్రీ ఎందుకని అడుగుతారు. 'శవపరీక్షలన్నీ రచయిత స్వయంగా నిర్వహించాడు' అని రాయి," అన్నారు.

నేను వాదించలేదు. ఆయన చేసిన మేలు గుర్తొచ్చింది, పతకం కళ్ల ముందు ఆడింది. రెండోదే ఎక్కువ. ఆయన చెప్పిన వాక్యం నా చేతి రాతతో రాసి ఇచ్చాను.

పతకం వచ్చిన వారం

పతకం వచ్చినట్టు ఉత్తరం అందిన రోజు మార్తమ్మ చెంబెడు పాలు తెచ్చింది. ఎల్లయ్య వచ్చి, "మంచిదాయె సారూ," అన్నాడు. సభకు ఇంటివాళ్లతో పాటు ఒకరిని తీసుకురావచ్చన్నారు. ఖాజా మియాను తీసుకువెళ్లాను. ఎల్లయ్యను పిలవాలా వద్దా అని తర్జనభర్జన పడ్డానని చెబితే అబద్ధం. ఆ ఆలోచనే రాలేదు.

పెద్ద హాలు, ఫ్యాన్లు, ముందు వరుసలో మా ప్రొఫెసర్లు. పతకం మెడలో వేసే ముందు ఒకాయన నా గురించి ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చదివాడు. అందులో "స్వయంగా" అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఖాజా మియా చప్పట్లు కొట్టడం ఆపి నా వైపు చూశాడు. ఫోటోలో నా చూపు పక్కకు ఉన్నది అందుకే.

మూడు రోజుల్లో తిరిగి రావాల్సినవాణ్ణి, బంధువుల ఇళ్లలో విందులకు ఇంకో మూడు రోజులు ఉండిపోయాను. ఖాజా మియాను కూడా నాతోనే ఆపేశాను. దవాఖానకు తాళం.

తిరిగొచ్చిన పొద్దున్నే ఎల్లయ్య భార్య రాజవ్వ మెట్ల దగ్గర కూర్చుని ఉంది. "సారూ, జెర వచ్చి జూడు. శెయ్యి ఉబ్బింది, మనిషి కండ్లు తెరుస్తలేడు," అంది.

కుడి మణికట్టు మీద బొగ్గులా నల్లటి పుండు, చుట్టూ నీటి పొక్కులు. చెయ్యి మోచేతి పైదాకా వాచింది. ఒళ్లు కాలిపోతోంది. నాకు చూడగానే తెలిసింది.

"ఏ పశువు?" అన్నాను.

"ఎద్దు," అన్నాడు కళ్లు మూసుకునే. "పొద్దుగాల బాగనే ఉండెనట, మాపటికి సచ్చిందట. నాకు అనుమానమొచ్చింది. నెత్తురు కారిందా అని అడిగితే ఆసామి లేదన్నడు. కడిగిండేమో. నిన్ను అడుగుదామని రెండుసార్లు వచ్చిన సారూ. తాళమున్నది. ఆసామి వాసనొస్తాందని మీద పడ్డడు."

జీపు కోసం తిరిగి, దొరికించుకుని, మనుషుల పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి కుర్ర డాక్టరు మామూలు గడ్డ అనుకుని కోయబోయాడు. దొమ్మరోగమని, కోయవద్దని, పెనిసిలిన్ మొదలుపెట్టమని నేను చెబితే విన్నాడు. ఆయన వినకపోయి ఉంటే ఎల్లయ్య బతికేవాడు కాదు. పెద్దవాణ్ణి, అనుభవం ఉన్నవాణ్ణి అయిన నాకన్నా, చెబితే విన్న ఆ కుర్రవాడే మంచి డాక్టరనిపించింది.

ఎల్లయ్య బతికాడు. పుండు మానాక మణికట్టు ముడుచుకుపోయింది. మూడు వేళ్లు వంగవు. కత్తి పట్టలేడు.

అటెండరు కొలువు

మరుసటి ఏడాది మా దవాఖానకు అటెండరు పోస్టు వచ్చింది. ఎల్లయ్యకు ఇప్పించాలనుకున్నాను. అర్జీ నింపడానికి కూర్చుని, మొదటి గడి దగ్గరే ఆగిపోయాను.

"ఎల్లయ్యా, నీ ఇంటిపేరేంది?"

ఆయన నవ్వాడు. "గిన్నేండ్లకు అడిగినవు. ఇరుగురాల," అన్నాడు.

వయసు దాటిందన్న అడ్డంకి ఉంది. కానీ పశువుల పనిలో ముందే అనుభవం ఉందని కాగితం చూపిస్తే సడలించే వీలుంది. జిల్లా ఆఫీసుకు రమ్మని పిలిచిన రోజు ఎల్లయ్య ఉతికిన పంచె కట్టుకుని, మొదటిసారి చెప్పులు వేసుకుని నాతో వచ్చాడు. ఆఫీసు ముందు వేపచెట్టు కింద నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్లాను.

అప్పటికి నరహరిరావు గారు బదిలీ అయిపోయారు. కొత్త అధికారి మర్యాదస్తుడే. నా మాట అంతా విన్నాడు.

"మీరు ఇప్పుడు రాసిచ్చే సర్టిఫికెట్ చెల్లదండీ. అప్పటి కాగితం ఏదైనా ఉందా, ఈయన మీతో పనిచేసినట్టు?"

లేదని తల ఊపాను. ఆయన బీరువాలోంచి నా పత్రం ప్రతి తీశాడు. పతకం వచ్చిన పత్రం కదా, ప్రతి ఆఫీసులోనూ ఉంది. వేలితో వెతికి, చదివాడు. "శవపరీక్షలన్నీ రచయిత స్వయంగా నిర్వహించాడు. మీరే రాశారు కదండీ."

ఆ వాక్యం తప్పని అక్కడే చెప్పాను. ఆయన ఇబ్బందిగా చూశాడు. "అది రాతపూర్వకంగా విశ్వవిద్యాలయం సవరిస్తే అప్పుడు చూద్దాం," అన్నాడు. ఉత్తరం రాశాను. అచ్చయిన పత్రాన్ని, ఇచ్చిన పతకాన్ని తిరగదోడడం కుదరదని జవాబు వచ్చింది. పోస్టు వేరే ఆయనకు పోయింది.

ఆ సంగతి చెప్పడానికి ఎల్లయ్య ఇంటికి వెళ్లాను. పోస్టు రాలేదని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఎర్ర సిరా సంగతి, నేను ఒప్పుకున్న సంగతి, అధికారి వేలు పెట్టి చదివిన వాక్యం, అన్నీ చెప్పాను. రాజవ్వ వాకిట్లో చేట పట్టుకుని చెరుగుతోంది. ఆమె చేతులు ఆగాయి.



"గా ముచ్చట ముందుగాలనే జెప్తే అయిపోవు గద సారూ," అన్నాడు ఎల్లయ్య. "ఆ పొద్దు నేను గా ఆఫీసు ముంగట పొద్దుగూకెదాక నిలవడకపోదును."

కోపంగా అన్నా బాగుండేది. ఉన్న విషయం ఉన్నట్టు అన్నాడు.

రెండు వారాల తర్వాత ఒక బర్రె వచ్చింది. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. ఖాజా మియా తానే పోయి పిలుచుకొచ్చాడు. ఎల్లయ్య వచ్చి ఎడమ చేత్తో పొట్ట అంచు పట్టుకున్నాడు. తీగ ఎక్కడుందో చెప్పాడు. తీశాం. చేతులు కడుక్కుని, దవాఖాన కేసుల రిజిస్టరు తెరిచి, ఆ రోజు వరుసలో "సహాయం: ఇరుగురాల ఎల్లయ్య" అని రాశాను. ఆయనకు చదివి వినిపించాను.

"గిది ఎవలు సదువుతరు సారూ?" అన్నాడు.

"ఎవలూ సదువరు ఎల్లయ్యా," అన్నాను.

"గట్లనా," అని తలూపి, మెట్లు దిగి పోయాడు.

నేను బదిలీ అయి వెళ్లేదాకా ప్రతి కేసు కింద ఆ పేరు రాశాను. ఆ రిజిస్టర్లు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలియదు. చెదలు తిని ఉంటాయి. ఎల్లయ్య పోయి చాలా ఏళ్లయింది. మొన్న కాలేజీ వాళ్లు వచ్చి, ఈ ఏడాది చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరే ప్రతి డాక్టరు చేతికీ ఒక చిన్న పుస్తకం ఇస్తున్నామని, అందులో పతకం వచ్చినవాళ్లు తమ అనుభవాలు రాయాలని అడిగారు. ఓపిక లేదని చెప్పి పంపేశాను. వాళ్లు వీధి మలుపు తిరగకముందే, పోయి పిలుచుకురమ్మని మా ఆవిణ్ణి పంపాను.